ఆస్ట్రేలియా పల్లెటూరి నేపథ్యంతో నేరకథ రాయాలంటే ఏమేమి తెలిసి ఉండాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హైదరాబాదులో ఉంటారు, ఆస్ట్రేలియా ఎప్పుడూ చూడలేదు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం లోపలి భాగంలో, గోధుమలు పండే ఒక చిన్న ఊళ్ళో, అక్కడ పనిచేసే తెలుగు డాక్టరు హత్యకు గురైనట్టు ఒక నవలిక మొదలుపెట్టారు. మూడు అధ్యాయాలు చదివిన మీ స్నేహితురాలు "ఇది అక్కడి ఊరిలా లేదు, మన ఊరికే టోపీ పెట్టినట్టుంది" అన్నారు. అక్కడ పోలీసులు, పోస్టుమార్టం, తుపాకులు ఎలా ఉంటాయి, అసలు ఊరి పేరు పెట్టాలా, చూడని ఊరి గురించి రాయడం అసలు కుదురుతుందా అని అడుగుతున్నారు.

కుదురుతుంది. మీరు ఇచ్చిన కథా సంగ్రహం చదివాను. అందులో తప్పింది చిన్న చిన్న వివరాలు కాదు, దూరం. మీ ఊళ్ళో అన్నీ పది నిమిషాల్లో వచ్చేస్తున్నాయి: ఇన్‌స్పెక్టరు, వేలిముద్రల నిపుణుడు, సాయంత్రానికల్లా పోస్టుమార్టం నివేదిక. అక్కడ ఏదీ పది నిమిషాల్లో రాదు. కథను హంతకుడి తెలివి మీద కాదు, ఆలస్యం మీద కట్టండి. శవం కనబడినప్పటి నుంచి బయటి మనుషులు వచ్చే వరకు గడిచే ఆ గంటల్లో ఊరంతా మాట్లాడుకుంటుంది, ఒక మాట మీదికి వస్తుంది, ఆ తర్వాత నోరు మూసుకుంటుంది. మీ డిటెక్టివ్ విప్పవలసిన ముడి అదే.

ఇది చెప్పడానికి నాకేం అర్హత అంటే, నేను జనరల్ ప్రాక్టీషనర్‌ని. విదేశంలో చదివిన డాక్టర్లు ఇక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద రోగులను చూడాలంటే సాధారణంగా పదేళ్ళపాటు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లోనే పనిచేయాలన్న నిబంధన ఉంది. మారుమూల ఊళ్ళలో మనవాళ్ళు కనబడటానికి అసలు కారణం అదే, కాబట్టి మీ తెలుగు డాక్టరు పాత్ర పూర్తిగా నమ్మదగినది. ఆ నిబంధన పుణ్యమా అని పదకొండేళ్ళు రాష్ట్రం పడమటి వైపు ఒక ఊళ్ళో ఉన్నాను. ఊరి పేరు చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. చీకటి పడ్డాక అక్కడ చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు గనుక తెలుగులో నేరకథలు రాయడం మొదలుపెట్టాను. కొన్ని అచ్చయ్యాయి. ఇప్పుడు మీలాంటివారి రాతప్రతులు కూడా చదివి పెడుతుంటాను.

ముందుగా పోలీసు సంగతి. అక్కడ ఊరికో, జిల్లాకో వేరే పోలీసు శాఖ ఉండదు. రాష్ట్రమంతటికీ ఒకటే దళం. అమెరికా సినిమాల్లోని షెరిఫ్‌ను దయచేసి తీసుకురావద్దు. న్యూ సౌత్ వేల్స్‌లో షెరిఫ్ అంటే కోర్టు భద్రత, జ్యూరీ పిలుపులు చూసే అధికారి. మీ ఊరంత ఊళ్ళో పోలీసు స్టేషన్ అంటే ఇద్దరు ముగ్గురు, ఒక్కోచోట ఒక్కడే. ఆ ఒక్కడూ సీనియర్ కానిస్టేబులో సార్జెంటో అయి ఉంటాడు. స్టేషన్ పక్కనే ప్రభుత్వ ఇల్లు, ఇంటి వెనక బట్టలారేసే తీగ. మీరు రాసినట్టు ఇన్‌స్పెక్టరు, ఆయన కింద నలుగురు, బయట జీపు అనే అమరిక అక్కడ ఉండదు.

ఆ ఒక్క కానిస్టేబుల్ నేరకథకు దొరికిన వరం. ఆయన పిల్లలు ఊరి బడిలోనే చదువుతారు. శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో స్కోరు బోర్డు దగ్గర నిలబడతాడు. శుక్రవారం రాత్రి తాగి బండి నడిపినందుకు ఎవరి లైసెన్సు పోయేలా చేశాడో, సోమవారం ఆయన కారు పాడైతే బాగుచేయవలసింది ఆ మనిషే. హత్య జరిగితే అతని పని ఏమిటి? దర్యాప్తు కాదు, కాపలా. చోటు చుట్టూ టేపు కట్టి, వచ్చిపోయినవారి పేర్లు రాసుకుంటూ, డిటెక్టివ్‌లు వచ్చేదాకా శవానికి తోడుగా కూర్చోవడం. డిటెక్టివ్‌లు రెండు మూడు గంటల దూరంలోని పెద్ద పట్టణం నుంచి వస్తారు. కేసు గట్టిదైతే సిడ్నీ నుంచి హత్యలు దర్యాప్తు చేసే హోమిసైడ్ స్క్వాడ్ దిగి, ఒక పేరు పెట్టుకుని స్ట్రైక్ ఫోర్స్ అనే ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేస్తుంది. వచ్చినవారికి చట్టం తెలుసు, ఊరు తెలియదు. కానిస్టేబుల్‌కు ఊరు తెలుసు, అధికారం లేదు. ఈ ఇద్దరి మధ్య నడిచే సన్నివేశాలు మీకు కథలో సగం ఇస్తాయి.

ఒకసారి ఊరికి 60 కిలోమీటర్ల అవతల పొలంలో ఒక మరణం. వివరాలు మార్చి చెబుతున్నాను. ప్రాణం లేదని నిర్ధారించి తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. ఫోరెన్సిక్ వారు తెల్లవారితే గాని రారని తెలిసి, రాత్రి పదకొండుకు ఫ్లాస్కులో టీ, నాలుగు ఇడ్లీలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. కానిస్టేబుల్ కారు హెడ్‌లైట్లు ఆపేసి, లోపల రేడియో సన్నగా పెట్టుకుని కూర్చున్నాడు. చనిపోయిన మనిషితో ఆయన పదేళ్ళు క్రికెట్ ఆడాడు. ఇడ్లీ తింటూ నాతో అన్నది ఒకటే మాట: "రేపటికి అందరికీ అన్నీ తెలిసిపోతాయి, నాకు తప్ప." నేను రాసిన కథల్లో మూడు ఆ ఒక్క వాక్యం నుంచి పుట్టాయి.

ఇక పోస్టుమార్టం. మనకు అలవాటైన పద్ధతిలో ఎస్సై పంచనామా చేస్తాడు, శవం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తుంది, చాలాసార్లు అదే రోజు కోత పూర్తవుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో హింస వల్లగాని, కారణం తెలియకుండాగాని మరణం సంభవిస్తే డాక్టరు మరణ ధ్రువపత్రం మీద సంతకం పెట్టకూడదు. విషయం పోలీసుల ద్వారా కరోనర్‌కు వెళ్ళాలి. కరోనర్ అంటే డాక్టరు కాదు, న్యాయాధికారి. రాష్ట్రంలో ఫోరెన్సిక్ మెడిసిన్ కేంద్రాలు మూడు: సిడ్నీలోని లిడ్‌కోంబ్, న్యూకాసిల్, వొలోంగాంగ్. మూడూ తూర్పు తీరం వైపే. అంటే రాష్ట్రం లోపలి బర్క్ లాంటి ఊళ్ళో మనిషి చనిపోతే ఆ శవం ముందు డబ్బో దాకా సుమారు 370 కిలోమీటర్లు, అక్కడి నుంచి న్యూకాసిల్‌కు ఇంచుమించు మళ్ళీ అంత దూరం ప్రయాణించాలి. రాష్ట్రం ఎంత పెద్దదో అంచనాకు: మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికి దాదాపు మూడు రెట్లు. శవం తిరిగి రావడానికి రోజులు పడుతుంది. పూర్తి నివేదిక రావడానికి నెలలు పడుతుంది. మీ రెండో అధ్యాయం చివర "విషప్రయోగం అని రిపోర్టు వచ్చింది" అని రాశారు. దాన్ని నవల చివరి మూడోవంతుకు జరపండి. అప్పటిదాకా ఊరు తనకు తోచిన కారణం తను చెప్పుకుంటూ ఉంటుంది.

మరణ సమయం గురించి కూడా ఒక మాట. "రాత్రి 10:20 ప్రాంతంలో చనిపోయాడు" అని ఎవరూ చెప్పలేరు, మండు వేసవిలో అసలే చెప్పలేరు. శవం చల్లబడే వేగాన్ని బట్టి లెక్క కడతారని మీరు చదివి ఉంటారు. జనవరి మధ్యాహ్నం బయట 43 డిగ్రీలుంటే 37 డిగ్రీల శవం చల్లబడదు సరికదా వేడెక్కుతుంది. ఈగలు గంటలోపే చేరతాయి. పొడి వేడికి చర్మం తోలులా ఎండిపోతుంది. తర్వాత నక్కలు, అడవి పందులు, కాకులు వస్తాయి. ఎముకలు అర కిలోమీటరు మేర చెదిరిపోవచ్చు.

దీనికి ముడిపడిన పాత ముచ్చట ఒకటుంది, నేరకథలు రాసేవారెవరైనా తెలుసుకోవలసింది. ఆర్థర్ అప్‌ఫీల్డ్ అనే రచయిత 1929 ప్రాంతంలో పశ్చిమ ఆస్ట్రేలియాలో కుందేళ్ళు పొలాల మీద పడకుండా కట్టిన పొడవాటి కంచె మీద పనిచేస్తూ, ఎడారిలో శవాన్ని ఆనవాలు లేకుండా మాయం చేయడం ఎలా అని తోటివారితో చర్చ పెట్టాడు. నవలకు అది కావాలి. కాల్చడం, బూడిద జల్లెడ పట్టడం, మిగిలిన లోహాన్ని ఆమ్లంలో కరిగించడం, ఎముకలు దంచడం అని ఒక పద్ధతి తేలింది. ఆ చర్చ తెలిసినవారిలో స్నోయీ రోల్స్ అనే కూలీ ఒకడు. తర్వాత ఆ ప్రాంతంలో ముగ్గురు మనుషులు మాయమయ్యారు. మూడో మనిషి విషయంలో రోల్స్ ఆ పద్ధతిని పూర్తిగా పాటించలేదు. బూడిదలో దొరికిన పెళ్ళి ఉంగరాన్ని, దాన్ని బాగుచేసినప్పుడు పడిన అతుకును బట్టి గుర్తుపట్టారు. 1932లో ఫ్రీమాంటిల్ జైల్లో అతన్ని ఉరితీశారు. నవల పేరు 'ద శాండ్స్ ఆఫ్ విండీ', 1931లో వచ్చింది. రోల్స్‌ను పట్టించింది శాస్త్రం కంటే బద్ధకం. దూరం ఎంత ఉన్నా, చూసేవారు ఎవరూ లేకపోయినా, మనిషి చివరి పని వదిలేస్తాడు. మీ హంతకుడికి కూడా ఒక బద్ధకం ఇవ్వండి.

ఉరి అన్నాను గనుక: మీ సంగ్రహం చివర "ఉరిశిక్ష పడింది" అని ఉంది. ఆస్ట్రేలియాలో ఆఖరి ఉరి 1967 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగింది. ఇప్పుడు దేశంలో ఎక్కడా మరణశిక్ష లేదు.

తుపాకుల గురించి అడిగారు. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడే 35 మందిని కాల్చి చంపాక చట్టాలు బిగిశాయి, ప్రభుత్వం ఆరు లక్షలకు పైగా తుపాకులను కొని ధ్వంసం చేసింది. ఆత్మరక్షణ కోసం అంటే లైసెన్సు ఇవ్వరు. అయినా పొలం ఉన్న చాలా ఇళ్ళలో .22 రైఫిల్ ఉంటుంది, తాళం వేసిన ఇనప పెట్టెలో. పందులకు, నక్కలకు, కాలు విరిగిన ఆవును బాధ నుంచి తప్పించడానికి. కాబట్టి "ఎవరి దగ్గర తుపాకీ ఉంది" అన్న ప్రశ్న అక్కడ పనికిరాదు. "ఆ పెట్టె తాళం చెవి ఎక్కడ ఉంటుందో ఎవరికి తెలుసు" అన్నది పనికొచ్చే ప్రశ్న. కోడలికి తెలుసు, గొర్రెల ఉన్ని కత్తిరించడానికి ఏటా వచ్చేవాళ్ళకు తెలుసు. చేతి తుపాకీ మాత్రం రైతు ఇంట్లో పెట్టకండి, దానికి నిబంధనలు వేరు.

ఇప్పుడు మీరు అడగనిది, కాని నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: సూర్యుడు. మీ మొదటి అధ్యాయంలో మిట్టమధ్యాహ్నం శవం నీడ ఉత్తరం వైపు పడింది. దక్షిణార్ధగోళంలో, ఆ అక్షాంశాల్లో, మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ ఉత్తరాన ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. చల్లటి వరండా దక్షిణపు వరండా. ధ్రువ నక్షత్రం కనబడదు. క్రిస్మస్ గోధుమ కోతల చివరిలో, ఉడుకెత్తే ఎండలో వస్తుంది. విత్తడం ఏప్రిల్, మే నెలల్లో. మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా మొదటి కథలో ఆధారమంతా నీడ మీదే నిలబెట్టాను. అచ్చయ్యాక వాగా వాగాలో ఉండే ఒక తెలుగు పాఠకురాలు ఉత్తరం రాశారు: "కథ బాగుంది డాక్టరుగారూ, కాని మీ లెక్క ప్రకారం హంతకుడు నిర్దోషి." ఆ ఊళ్ళో మూడేళ్ళుగా ఉంటూ రాసిన తప్పు అది. కళ్ళు ఇక్కడివి చూస్తున్నా చేయి అక్కడిదే రాస్తుంది.

కాలం కూడా మీకు ఆయుధమే. న్యూ సౌత్ వేల్స్‌లో అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిపి ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. పక్కనున్న క్వీన్స్‌లాండ్ ఆ పని చేయదు. సరిహద్దు మీద మంగిండి అనే ఊరుంది, సగం ఇటు, సగం అటు. వేసవిలో వంతెన దాటితే గంట తేడా. బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్‌లోదే అయినా దక్షిణ ఆస్ట్రేలియా సమయం పాటిస్తుంది, సిడ్నీకి అరగంట వెనక. ఫోను అవతలి రాష్ట్రపు టవర్‌ను పట్టుకుంటే దానంతట అదే సమయం మార్చుకుంటుంది. "ఏడింటికి నేను పబ్బులో ఉన్నాను" అన్నవాడు అబద్ధం చెప్పకుండానే మీ డిటెక్టివ్‌ను తప్పుదారి పట్టించగలడు. ఇంత చక్కటి అవకాశాన్ని మీరు వాడుకోకపోతే నేనే వాడుకుంటాను.

ఇలాంటిదే మాటల తేడా. మీ కథలో డాక్టరు శవం "డ్యామ్"లో తేలింది, మీరు పక్కన గేట్లు, ఇంజనీరు, కాపలా గది వర్ణించారు. అక్కడి రైతు డ్యామ్ అంటే పశువులు తాగడానికి పొలంలో తవ్వుకున్న కుంట. మనిషి లోతు, చుట్టూ బురద, గిట్టల గుర్తులు. స్టేషన్ అంటే వేల ఎకరాల పశువుల క్షేత్రం కూడా కావచ్చు. వాగు అంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. అన్నిటికంటే రుచికరమైనది: పెద్దతరం వారు "టీ"కి రమ్మంటే సాయంత్రం ఆరింటి భోజనానికి అని అర్థం. నేను మొదటిసారి పిలిస్తే ఏడున్నరకు, ఇంట్లో తినేసి మరీ వెళ్ళాను. బల్ల మీద కాల్చిన గొర్రె మాంసం చల్లారిపోయి ఉంది. మీ తెలుగు పాత్ర ఎవరో "టీకి వచ్చాడు" అన్న మాటను నాలుగు గంటలని రాసుకుంటే, ఒక మనిషి రెండు గంటలపాటు ఎక్కడున్నాడో లెక్క తప్పిపోతుంది.

హత్యకు కారణం. మీరు వారసత్వపు ఆస్తి అనుకున్నారు. చెడ్డ ఎంపిక కాదు. పొలం ఏ కొడుక్కి వెళ్తుందన్నది అక్కడ కూడా పదేళ్ళు నలిగే గొడవే, నా కన్సల్టింగ్ గదిలో రక్తపోటు మాత్రల వెనక అది చాలాసార్లు కనబడింది. కాని అక్కడి మట్టిలో పుట్టిన కారణాలు ఇంకా ఉన్నాయి. ముర్రే డార్లింగ్ నదీ పరీవాహకంలో నీటి హక్కు భూమితో సంబంధం లేకుండా అమ్ముడవుతుంది; ఎగువన పత్తి రైతు పంపు మీటరు తిరుగుతోందా లేదా అన్నది దిగువవాడికి బతుకు ప్రశ్న. చెట్లు నరకడం ఇంకొకటి. 2014లో మోరీ దగ్గర క్రోపా క్రీక్‌లో, పొలంలో చట్టవిరుద్ధంగా చెట్లు తొలగిస్తున్నారేమో చూడటానికి వచ్చిన ప్రభుత్వ పర్యావరణ అధికారిని 79 ఏళ్ళ రైతు ఇయన్ టర్న్‌బుల్ ఊరి రోడ్డు మీద కాల్చి చంపాడు. 2016లో హత్యానేరం రుజువైంది, మరుసటి ఏడాది జైల్లోనే చనిపోయాడు. గంజాయి గొడవ కావాలంటే గ్రిఫిత్ అనే పట్టణం చూడండి: అక్కడి సాగు గురించి గట్టిగా మాట్లాడిన డొనాల్డ్ మెకే అనే వ్యాపారి 1977 జూలైలో హోటల్ కార్ పార్కింగ్ నుంచి మాయమయ్యాడు. రక్తపు మరకలు, .22 తూటా తొడుగులు దొరికాయి. శవం నేటికీ దొరకలేదు. దాని మీద రాయల్ కమిషనే, అంటే ప్రభుత్వం వేసే పెద్ద విచారణ సంఘమే, నడిచింది.

విషప్రయోగం మాత్రం మానవద్దు. 2023 జూలై 29న విక్టోరియాలోని లియోంగాథలో ఎరిన్ ప్యాటర్సన్ అనే మహిళ అత్తింటి బంధువులు నలుగురికి భోజనం పెట్టింది. ముగ్గురు చనిపోయారు. వడ్డించిన దాంట్లో డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు ఉంది. వైద్యుడిగా నన్ను కట్టిపడేసేది దాని తీరు: తిన్న చాలా గంటలకు గాని వాంతులు మొదలవవు, తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, ఆ తర్వాత కాలేయం పోతుంది. ఇక్కడ కూడా ఆలస్యమే కథ. ఆమెను పట్టించిన వాటిలో ఊరి చెత్త డిపో ఉంది. పుట్టగొడుగులు ఎండబెట్టే యంత్రాన్ని భోజనం తర్వాత నాలుగో రోజున పక్క ఊరి డిపోలో పడేసింది, కెమెరాలో పడింది. నగరంలో వస్తువు పారేయవచ్చు. పల్లెలో పారేయడం కూడా ఒక సందర్శనే. కేసు మోర్వెల్ అనే ప్రాంతీయ పట్టణంలో జ్యూరీ ముందు పది వారాలు నడిచి, 2025 జూలైలో దోషి అని తేలింది.

ఊరి స్వరూపానికి ఎక్కువ చెప్పను, మ్యాపుల్లో వీధి చిత్రాలు చూస్తే సరిపోతుంది. ఎద్దుల బండ్ల వరుస తిరగడానికని వెడల్పుగా వేసిన ఒకే వీధి, చివర ధాన్యం నిల్వచేసే ఎత్తైన సైలోలు, యుద్ధంలో చనిపోయినవారి పేర్లున్న స్తంభం, పబ్బు, బౌలింగ్ క్లబ్బు, క్లబ్బులో చైనా భోజనం. ఆ స్తంభం మీది ఇంటిపేర్లు, నా రోగుల జాబితాలోని ఇంటిపేర్లు దాదాపు ఒకటే. వార్త ఎలా తిరుగుతుందన్నది మాత్రం పట్టుకోండి. ఊరు దాటితే ఫోను సిగ్నల్ పోతుంది, లారీవాళ్ళు యూహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ ఛానెల్ మీద మాట్లాడుకుంటారు, అందరూ వింటారు. ఎదురొచ్చే బండికి స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తారు. ఆ వేలు ఎత్తలేదంటే ఏదో జరిగిందని లెక్క. నల్లరేగడి మట్టి రోడ్ల మీద ఒక పెద్ద వాన పడితే మూడు రోజులు ఎవరూ కదలలేరు. మీకు తలుపులు వేసిన గది కావాలన్నారు కదా, ఇదిగో, ఊరే గది.

ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండమని కోరతాను. మీ కథలో జాడలు పట్టే ఆదివాసి వృద్ధుడున్నాడు, పేరు లేదు, "అడవి మనిషి" అన్నారు. తీసేయండి, లేదా మనిషిగా రాయండి. పడమటి వైపు ఎన్నో ఊళ్ళలో ఆదివాసులు జనాభాలో పెద్ద భాగం. నర్సులు, టీచర్లు, కౌన్సిలర్లు, నా రోగులు, నా రిసెప్షనిస్టు. పోలీసులంటే వారికున్న అనుమానం వెనక చరిత్ర ఉంది. 1838 జూన్‌లో మయాల్ క్రీక్ దగ్గర కనీసం 28 మంది ఆదివాసులను నరికి చంపారు. ఆ నేరానికి ఏడుగురిని ఉరితీయడం అప్పట్లో అసాధారణం, అందుకే అది గుర్తుండిపోయింది. అలాంటి మిగతా హత్యాకాండల్లో చాలావి విచారణ దాకా రాలేదు. 1990, 91లో బౌరవిల్‌లో ఒకే వీధి నుంచి ముగ్గురు ఆదివాసి పిల్లలు ఐదు నెలల్లో మాయమైతే మొదట్లో పోలీసులు సరిగా పట్టించుకోలేదు, నేటికీ ఎవరికీ శిక్ష పడలేదు. కస్టడీ మరణాల మీద వేసిన రాయల్ కమిషన్ 99 మరణాలను పరిశీలించి 1991లో నివేదిక ఇచ్చింది. ఇప్పుడు న్యూ సౌత్ వేల్స్‌లో ఆదివాసిని అదుపులోకి తీసుకుంటే పోలీసులు వెంటనే ఆదివాసుల న్యాయసహాయ సంస్థకు ఫోను చేయాలి. మీ కథలో మొదట అనుమానం పడేది ఒక ఆదివాసి కుర్రాడి మీదే కదా. ఆ ఫోను కాల్ రాయండి. అటువైపు లాయరు సిడ్నీలో ఉంటాడు, మళ్ళీ దూరమే. ఇంకొకటి, చాలా కుటుంబాల్లో చనిపోయినవారి పేరు కొంతకాలం పలకరు. సాక్షి ఆ పేరు పలకకపోవడాన్ని నగరపు డిటెక్టివ్ దాపరికం అనుకోవచ్చు.

విచారణ గది గురించి రెండు ముక్కలు: ప్రశ్నించడానికి చట్టం ఇచ్చే సమయం ఆరు గంటలు, వారెంటుతో ఇంకో ఆరు. తీసుకురావడానికి పట్టే ప్రయాణ సమయం అందులో లెక్కకు రాదు. అంతా రికార్డవుతుంది, కొట్టడం, లాఠీ వగైరా రాయకండి.

చివరగా భాష. అక్కడ అందరూ అందరినీ మొదటి పేరుతో పిలుస్తారు, నన్ను కూడా. పదకొండేళ్ళ తర్వాత కూడా "కొత్త డాక్టరు" అనే అనేవారనుకోండి, అది వేరే సంగతి. మీరు సంభాషణల్లో ఒకచోట "అయ్యా", ఒకచోట "ఒరేయ్" వాడి అందరినీ మన ఊరివాళ్ళను చేసేశారు. నేను వాడే పద్ధతి చెబుతాను: ఊరివాళ్ళ మధ్య, పోలీసుతో సహా, "నువ్వు". తెలుగు పాత్ర మాత్రం మొదట్లో అందరినీ "మీరు" అంటాడు. విచారణ గదిలో టేపు నడవడం మొదలవగానే, పదేళ్ళుగా "నువ్వు" అన్న కానిస్టేబుల్ ఒక్కసారిగా "మీరు నిన్న రాత్రి ఎక్కడున్నారు?" అంటాడు. ఇంగ్లీషులో ఈ పని చేయాలంటే ఇంటిపేరు ముందు మిస్టర్ తగిలించాలి. మనకు ఒక్క మాట చాలు. తెలుగులో రాస్తున్నందుకు మీకు దక్కే లాభం ఇది, వదులుకోకండి.

అసలు ఊరి పేరు పెట్టాలా అని అడిగారు. వద్దు. 1999 మే నెలలో దక్షిణ ఆస్ట్రేలియాలోని స్నోటౌన్‌లో, మూతపడిన బ్యాంకు ఖజానా గదిలో, ఆరు పీపాల్లో ఎనిమిది శవాలు దొరికాయి. హత్యల్లో ఒక్కటే ఆ ఊళ్ళో జరిగింది, మిగతావి అడిలైడ్ పరిసరాల్లోనివి. అయినా నేటికీ ఆ ఊరి పేరు వింటే పీపాలే గుర్తొస్తాయి. చిన్న ఊరికి అన్యాయం చేయడం చాలా తేలిక. ఒక పేరు కల్పించండి, పాత సర్వేయరు ఇంటిపేరులాంటిది. ఆదివాసి భాష మాటలా వినిపించేలా మీకు తోచినది అల్లవద్దు.

మూడు అధ్యాయాలూ తిరగరాశాక పంపండి, చదువుతాను. పంపేముందు శవం నీడ ఎటు పడిందో ఒకసారి చూసుకోండి.